భిలాయి బడుల్లో మెప్పు, మార్కు, ర్యాంకు

భిలాయి ఉక్కు పట్టణంలో ప్రాథమిక బడి పిల్లలను ముందుకు నడిపించడానికి పెద్దలు ఎంచుకున్న దారులు ఏడు దశాబ్దాల్లో చాలాసార్లు మారాయి. వాటి వెనుక ఉన్న కొలతలు మాత్రం రెండే. పిల్లను పక్క బెంచీ పిల్లతో పోల్చడం ఒకటి. అదే పిల్ల పోయిన నెలలో ఏం చేయగలిగిందో దానితో పోల్చడం రెండోది. మొదటిదానికి ర్యాంకులు, బహుమతులు, చప్పట్లు ఉంటాయి కాబట్టి చరిత్రలో దాని జాడలు ఎక్కువ. రెండోది నోటుపుస్తకం అంచున టీచరు రాసిన ఎర్రసిరా మాటగానే మిగిలిపోతుంది. దాన్ని ఒక విధానంగా కాగితం మీద పెట్టిన సందర్భాలు తక్కువ. ఈ ఊరి కథలో ఒక విచిత్రం ఉంది. ఇక్కడి కర్మాగారం తన పనిని ఎక్కువగా తన పాత లెక్కతోనే పోల్చుకుంది. అందులో పనిచేసినవారి పిల్లలకు మాత్రం పక్కవాడి లెక్కే కొలత అయింది.

పిల్లలను వరసలో పెట్టి చూసే అలవాటు ఇంగ్లీషు పరీక్షలతో వచ్చింది కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో అప్పటి తెలుగు, కన్నడ వీధిబడుల వర్ణన ఉంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. పొద్దున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు. వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి అదనం. పెందలాడే రావడం మంచి అలవాటే. కానీ ఈ లెక్కలో ఊళ్ళో పిల్లలంతా నిన్నటికంటె గంట ముందు లేచినా చివరివాడికి దెబ్బలు తప్పవు. వాడు నిన్నటికంటె ఎంత ముందు వచ్చాడన్నది ఎవరూ చూడరు.

అంతకుముందే, 1789లో, మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా ఉన్న ఆండ్రూ బెల్, ఇసుకలో అక్షరాలు దిద్దే మన అరుగుబడి పద్ధతిని చూసి, చదువు వచ్చిన పిల్లల చేత రాని పిల్లలకు చెప్పించే ఏర్పాటు చేశాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండుకు వెళ్ళింది. అందులో బాగా చెప్పినవాడు వరసలో పైకి జరుగుతాడు, తప్పినవాడు కిందికి జరుగుతాడు. కూర్చునే చోటే ర్యాంకు. 1860లలో మద్రాసు రాజధానిలో మరో మెలిక వచ్చింది. పరీక్షలో పిల్లలు సాధించిన ఫలితాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి అది. 1906 దాకా సాగిన ఆ ఏర్పాటులో, పాసయ్యే పిల్లవాడు బడికి డబ్బు తెచ్చేవాడు, పాసు కానివాడు ఖర్చు. ఉత్తరాంధ్ర నుంచి భిలాయికి వలస వెళ్ళిన తొలితరం తెలుగువారి తాతలు చదివినవి, లేదా చదవలేక మానేసినవి, ఇలాంటి బడులే.

భిలాయి ఉన్న దుర్గ్ ప్రాంతం నడిచిన దారి వేరు. 1906లో జిల్లాగా ఏర్పడిన దుర్గ్ అప్పటి మధ్య పరగణాల్లో భాగం. ఆ రాష్ట్రంలోనే ఉన్న వార్ధాలో 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన విద్యా మహాసభ జరిగింది. చేతిపని చుట్టూ చదువును అల్లే నయీ తాలీమ్ అక్కడే రూపు దిద్దుకుంది. ఆ ప్రణాళికను రాసిన జాకిర్ హుసేన్ కమిటీ పరీక్షల మీద చాలా కటువుగా మాట్లాడింది. ఒక్కో పిల్లవాణ్ణీ పరీక్ష పెట్టి వడకట్టే బదులు, కొందరు పిల్లల పనిని నమూనాగా తీసుకొని బడి ఎలా నడుస్తోందో చూడాలని సూచించింది. అంటే పరీక్ష బడికే గాని బిడ్డకు కాదు. నూలు వడికే పిల్లవాడికి తన కదురు మీద నిన్నటి కొలత, నేటి కొలత కంటికి కనిపిస్తాయి. నయీ తాలీమ్‌లో ఎక్కువగా చర్చకు వచ్చింది చేతిపని వల్ల బడి ఖర్చు గిట్టుబాటు అవుతుందా అన్న ప్రశ్న. తన నిన్నటితో పోల్చుకోగలగడమన్న సుగుణం ఆ చర్చలో మరుగున పడింది.

అదే సమయంలో ఆ రాష్ట్ర విద్యామంత్రిగా ఉన్న రాయ్‌పూర్ నాయకుడు రవిశంకర్ శుక్లా విద్యామందిర్ పథకాన్ని తలకెత్తుకున్నారు. పల్లెకు కేటాయించిన భూమి మీద వచ్చే ఆదాయంతో ఆ పల్లె బడి నడవాలన్నది దాని ఆశయం. మందిర్ అన్న పేరు మీద ముస్లిం లీగ్ అభ్యంతరాలు, నిధుల కొరత, రాజకీయాల కుదుపులు కలిసి పథకం ఎక్కువ కాలం నిలవలేదు. శుక్లా నిలిచారు. 1956 నవంబరు 1న ఏర్పడిన కొత్త మధ్యప్రదేశ్‌కు ఆయనే తొలి ముఖ్యమంత్రి. ఉక్కు కర్మాగారం తమ రాష్ట్రానికే, అందులోనూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికే రావాలని పట్టుబట్టినవారిలో ముందున్నదీ ఆయనే.

సోవియట్ యూనియన్‌తో ఒప్పందం మీద 1955 ఫిబ్రవరి 2న సంతకాలు జరిగాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ నాలుగేళ్ళలో పల్లెలు ఖాళీ అయ్యాయి, పొలాలు పోయాయి, వదంతులు పుట్టాయి. బట్టీ రగలాలంటే, వంతెన నిలవాలంటే పసిపిల్లలను బలి ఇస్తారని చుట్టుపక్కల ఊళ్ళు భయపడ్డాయి. 1990ల నుంచి భిలాయిలో క్షేత్ర పరిశోధన చేసిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆంత్రపాలజిస్టు జొనాథన్ ప్యారీ ఈ వదంతులను పెద్దల నోట విని రికార్డు చేశారు. స్థానిక ఛత్తీస్‌గఢీ రైతులు తొలినాళ్ళలో కర్మాగారం కొలువుకు వెనకాడారని కూడా ఆయన రాశారు. పిల్లలను మింగుతుందని భయపడిన కర్మాగారమే తరవాతి తరంలో పిల్లల చదువుకు ఆ ప్రాంతంలో అన్నిటికంటె పెద్ద ఆధారమైంది.

పట్టణాన్ని సెక్టార్లుగా కట్టారు. ప్రతి సెక్టారుకూ దగ్గర్లోనే బజారు, ఆరోగ్య కేంద్రం, బడి ఉండాలన్నది ప్లాను. క్వార్టర్ల వరసలో బెంగాలీ పక్కన మలయాళీ, పంజాబీ పక్కన తెలుగు కుటుంబం. భిలాయిని మినీ ఇండియా అని ఇప్పటికీ అంటారు. తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు వారికి రావడం తేలిక. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం వారిని పార్వతీపురం, రాయగడ మీదుగా నేరుగా రాయ్‌పూర్‌లో దించేది. ఇంజనీర్లు, గుమాస్తాలు సెక్టార్లలో క్వార్టర్లు పొందారు. కాంట్రాక్టు పనులకు వచ్చినవారు ఖుర్సీపార్ వంటి బస్తీల్లో కుదురుకున్నారు. సెక్టార్ 5లోని బాలాజీ గుడి వీరందరికీ పండగనాటి కూడలి.

బీఎస్పీ బడి అన్న మాట అప్పటి నుంచీ వాడుకలో ఉంది. భిలాయిలో బీఎస్పీ అంటే భిలాయి స్టీల్ ప్లాంటు, రాజకీయ పార్టీ కాదు. కర్మాగారం విద్యా విభాగం నడిపిన ఈ బడుల్లో ఉద్యోగుల పిల్లలకు ఫీజు నామమాత్రం. భవనాలు గట్టివి, టీచర్లకు జీతం నెలనెలా అందేది. చుట్టుపక్కల పల్లెల బడులతో పోలిస్తే ఇది వేరే లోకం. ఒకటో తరగతిలో చేరిన తెలుగు పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆటస్థలంలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ. ఇంగ్లీషు మీడియం తరగతులు పెరిగాక నాలుగో భాష చేరింది. ఇలాంటి పిల్ల మొదటి ఏడాది డిక్టేషన్‌లో వెనకపడితే అది తెలివి తక్కువై కాదు. ఆరు నెలల్లో హిందీ వాక్యం కూడబలుక్కొని చదవగలిగితే అది పెద్ద నడక. తరగతి ర్యాంకులో ఆ నడక కనపడదు. పుట్టుకతోనే హిందీ మాట్లాడే పిల్ల ముందు, ఈ పిల్ల వెనక. బహుభాషా పట్టణంలో ర్యాంకుకు ఉన్న అసలు లోపం ఇదే. బయలుదేరిన చోటు ఎవరిది ఎక్కడో దానికి తెలియదు.

కర్మాగారం తన సంగతి ఇలా చూసుకోలేదు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలై, 1967లో 25 లక్షలకు, 1988లో 40 లక్షలకు పెరిగింది. ప్రతి విభాగానికీ నిర్ణీత సామర్థ్యం ఒకటి, దాన్ని దాటిన రికార్డు మరొకటి. ఇంతవరకు ఏ ఏప్రిల్‌లోనూ లేనంత ఉత్పత్తి, ఏ నెలలోనూ లేనంత రైలు పట్టాలు అన్న ప్రకటనలు ఉక్కు పరిశ్రమలో మామూలు. ఈ ఏడాది ఏప్రిల్ పోటీ నిరుటి ఏప్రిల్‌తో. పాత ఫర్నేసు సామర్థ్యాన్ని కొత్తదానితో పోల్చి ఎవరూ దాన్ని తిట్టరు. అలాగని పోటీ బొత్తిగా లేదని కాదు. దేశంలోని ఉత్తమ సమీకృత ఉక్కు కర్మాగారానికి ఇచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయి 11 సార్లు గెలుచుకొని, ఆ సంగతిని ఊరంతా చెప్పుకుంది. అయినా రోజువారీ పనిని నడిపింది ట్రోఫీ కాదు, షిఫ్టు లాగ్‌బుక్కు.

మొదటి ఫర్నేసు వెలిగిన 1959లోనే కేంద్ర విద్యాశాఖ జాతీయ శారీరక సామర్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పరుగు, దూకడం వంటి అంశాల్లో నిర్ణీత కొలతను అందుకున్న ప్రతివారికీ ఒక నక్షత్రం, రెండు నక్షత్రాలు, మూడు నక్షత్రాలు ఇచ్చేవారు. ఎంతమంది అందుకుంటే అంతమందికీ నక్షత్రమే. అది కొంత పెద్ద వయసువారి కోసం పెట్టింది. తరగతి గదిలోకి ఆ ఆలోచన రాలేదు. ప్రాథమిక బడిలో ఫస్ట్, సెకండ్, థర్డ్ మూడే ఉన్నాయి.

మధ్యప్రదేశ్‌లో ఐదో తరగతి చివర బోర్డు పరీక్ష ఉండేది. పదేళ్ళ పిల్లకు అది మొదటి గండం. 1963లో ఎన్‌సీఈఆర్‌టీ మొదలుపెట్టిన సైన్సు ప్రతిభా పరీక్ష క్రమంగా జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా మారింది. పట్టణ బడులకు అది పరువు పందెం అయింది. ఆ పరీక్ష పెద్ద తరగతులది. కానీ పెద్ద తరగతుల గౌరవం చిన్న తరగతుల్లోకి జారుతుంది. 1964–66 నాటి కొఠారి కమిషన్ ఒకటి, రెండు తరగతులను ఒకే యూనిట్‌గా చూడాలని, పిల్ల తన వేగంతో నడవాలని, ఏళ్ళ తరబడి ప్రగతిని రాసే రికార్డు కార్డులు ఉండాలని చెప్పింది. సిఫారసు మంచిదే. నలభై, యాభై మంది పిల్లలున్న గదిలో టీచరు అలాంటి కార్డులు ఎప్పుడు రాయాలన్నది దానిలో తేలలేదు.

బీఎస్పీ బడులు అందరివీ కావు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కూలీల పిల్లలకు కంపెనీ బడి దక్కేది కాదు. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఆ పిల్లల కోసం తానే బడులు తెరిచింది. 1983లో షహీద్ ఆసుపత్రినీ కట్టింది. అక్షరం ముక్క లేని ఇంటి నుంచి వచ్చిన పిల్ల తన పేరు తాను రాసుకోవడమే అక్కడ సాధించిన గెలుపు. ఆ బడుల్లో ర్యాంకు కంటె హాజరే పెద్ద సంగతి. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు.

పట్టణంలో గాలి మారింది 1980ల తరవాతే. అంతకుముందు తరం ఎక్కువ చదువు లేకుండానే కర్మాగారంలో చేరింది. 1980ల నడుమ గనులతో కలిపి 60 వేలు దాటిన ఉద్యోగుల సంఖ్య ఆ తరవాత దశాబ్దాల్లో సగానికి పైగా తగ్గిపోయింది. కొత్త నియామకాలు అరుదయ్యాయి, ఉన్న కొద్ది కొలువులకు ఐటీఐ, డిప్లొమా అడిగారు. తండ్రి ఉద్యోగం కొడుకుకు రాదన్న సంగతి క్వార్టర్లలో అందరికీ అర్థమైంది. మిగిలిన దారి ఇంజనీరింగు, అందులోనూ ఐఐటీ. జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ మంది భిలాయి పిల్లలు ఆ ప్రవేశపరీక్షలో నెగ్గారు, ఊరు ఆ పేరుతోనే ప్రసిద్ధమైంది. కోచింగ్ కేంద్రాలు లేచాయి. రాజస్థాన్‌లోని కోటాలో కూడా కోచింగ్ కథ ఒక కర్మాగారం టౌన్‌షిప్‌లోనే మొదలైంది. అక్కడ జేకే సింథటిక్స్ ఇంజనీరు వి.కె. బన్సల్ ఇంట్లో చెప్పిన పాఠాలే మహా వ్యాపారానికి తొలి అడుగు. జీతం నికరంగా ఉండి, పిల్లలకు ఆ ఉద్యోగం నికరంగా దొరకని చోట కోచింగ్ బాగా పండుతుంది.

పదిహేడేళ్ళ వయసు పరీక్షకు ఏడేళ్ళ వయసులో సిద్ధం చేయడం ఆ ఒత్తిడి తెచ్చిన పరిణామం. ఫౌండేషన్, ఒలింపియాడ్ వంటి మాటలు మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు దాకా వచ్చాయి. తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. టీవీ తెరల మీద అరిచే ర్యాంకుల ప్రకటనలు వారికి బాగా తెలిసినవే. భిలాయిలో నికర ఉద్యోగాలున్న కుటుంబాల్లో ఆత్మహత్యలు పెరగడాన్ని ప్యారీ 2012లో ప్రచురించిన వ్యాసంలో పరిశీలించారు. తమ పిల్లలు తమ స్థాయిని నిలబెట్టుకోలేరేమో అన్న ఆందోళనను ఆయన కారణాల్లో ఒకటిగా చూశారు. సౌకర్యంగా ఉన్న క్వార్టర్లలో భయం ఎక్కడ నుంచి వచ్చిందో ఆ పరిశీలన కొంత చెబుతుంది.

దేశంలో విధానం మాత్రం ఇదే కాలంలో రెండో కొలత వైపు జరిగింది. 1991లో ఆర్.హెచ్. దవే కమిటీ ప్రాథమిక తరగతులకు కనీస అభ్యసన స్థాయిలను ఖరారు చేసింది. 1993లో యశ్‌పాల్ కమిటీ బడిసంచి బరువు కంటె అర్థం కాని చదువు బరువే ఎక్కువని చెప్పింది. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలపై చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తెలివైనదానివి అని మెచ్చుకున్న పిల్లలు తరవాత తేలిక పనినే ఎంచుకోవడం, ఒక ఓటమితో డీలా పడటం ఎక్కువగా కనిపించింది. బాగా శ్రమించావు అని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనదాన్ని పట్టుకొని నిలిచారు. ఈ ఆలోచన మీద తరవాత పుట్టిన శిక్షణ కార్యక్రమాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో మార్కుల మీద వాటి ప్రభావం బలహీనంగానే తేలింది. మెప్పు మంత్రం కాదు. అయినా చిన్న తరగతి టీచరుకు అందులో పనికివచ్చేది ఒకటుంది. చక్కగా రాశావు అనేదానికంటె, పోయిన వారం డిక్టేషన్‌లో తొమ్మిది తప్పులు, ఈ వారం ఐదు అన్న మాట పిల్లకు తరవాత ఏం చేయాలో చెబుతుంది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం దీన్ని చట్టం చేసింది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలను అదే తరగతిలో ఆపరాదు, బోర్డు పరీక్ష ఉండరాదు, దెబ్బ కొట్టరాదు, నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) జరగాలి. పాత ఐదో తరగతి బోర్డు అలా పోయింది. సీసీఈ అన్న మూడక్షరాలు మాత్రం ఆశించిన పని చేయలేదు. పిల్లను గమనించాల్సిన టీచరు గడులు నింపడంలో మునిగింది. ఎ, బి గ్రేడ్లు చూసిన తల్లిదండ్రులు మా వాడు క్లాసులో ఎన్నోవాడు అనే అడిగారు. గ్రేడును మళ్ళీ ర్యాంకుగా తర్జుమా చేసుకోవడం ఇళ్ళలోనే జరిగింది. చదవడం రాకుండానే పిల్లలు పై తరగతికి వెళుతున్నారన్న విమర్శ గట్టిపడింది. సీబీఎస్‌ఈ 2017లో సీసీఈని వదిలేసింది. 2019 చట్ట సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే అధికారం రాష్ట్రాలకు తిరిగి వచ్చింది. విధానం ఓడింది ఆలోచన తప్పై అని చెప్పలేం. తరగతిలో పిల్లల సంఖ్య, టీచరుకు మిగిలే సమయం మారకుండా కార్డు ఒక్కటే మారింది.

ఇంతలో భిలాయి బడులే తగ్గిపోయాయి. ఉద్యోగులు తగ్గితే పిల్లలు తగ్గారు. ఉన్నవారిలో చాలామంది ప్రైవేటు బడులకు మళ్ళారు. కొన్ని బీఎస్పీ బడులు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. మరోవైపు కర్మాగారం సామాజిక బాధ్యత కింద పేద కుటుంబాల కోసం భిలాయి ఇస్పాత్ వికాస్ విద్యాలయాన్ని నడుపుతోంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇళ్ళ పిల్లలకు అక్కడ చదువు ఉచితం. 2020లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మీడియం బడులు మరో ద్వారం తెరిచాయి. 2016లో భిలాయి పేరుతోనే ఒక ఐఐటీ రాయ్‌పూర్‌లోని తాత్కాలిక ఆవరణలో మొదలైంది. 2024 ఫిబ్రవరిలో కుటేలాభాఠాలోని శాశ్వత ఆవరణను ప్రధానమంత్రి ప్రారంభించారు. ఊరి పిల్లలు దూరాన వెతుక్కున్న పేరు ఊరి పొలిమేరలోకి వచ్చింది, అందులో సీటుకు పోటీ మాత్రం దేశమంతటితో.

2020 జాతీయ విద్యావిధానం సమగ్ర ప్రగతి కార్డును ప్రతిపాదించింది. అందులో టీచరు మాటతో పాటు పిల్ల తన గురించి తాను రాసుకునే గడి, తోటి పిల్లలు రాసే గడి ఉంటాయి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకొని చదవడం, లెక్క చేయడం. ఇది వరసలో చోటు అడగదు, ఒక స్థాయిని అడుగుతుంది. మరోపక్క ఛత్తీస్‌గఢ్ 2024–25లో ఐదు, ఎనిమిది తరగతులకు కేంద్రీకృత పరీక్షలను తిరిగి తెచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ బడిలో చదివే భిలాయి ఐదో తరగతి పిల్లకు ఇప్పుడు ఒక చేతిలో తాను నింపాల్సిన ప్రగతి కార్డు, మరో చేతిలో పరీక్ష హాల్లో కూర్చోవడానికి రోల్ నంబరు ఉన్నాయి.